ఫలితాన్ని ఎలా కొలుస్తారు?

జనవరిలో మాకు పొలం పని ఉండదు.
మంచు వచ్చి కంచె స్తంభాల నడుముదాకా నిలబడుతుంది.
అందుకే ఆ నెలలోనే పంపుతారు దరఖాస్తుల కట్ట.
నలభై ఒకటి.
నేలను చంపకుండా బతికే దారి వెతుకుతామనే రైతులకు గ్రాంటు.
డబ్బు మాత్రం తొమ్మిది మందికే సరిపోతుంది.

మోంటానాలో ముప్పయ్యేళ్లుగా గోధుమ వేస్తున్నవాణ్ణని
నాకూ ఒక ఎర్ర పెన్నిచ్చి కమిటీలో కూర్చోబెట్టారు.
మారిట్ నిద్రపోయాక, వంటింటి బల్ల మీద
మార్కులు వేస్తాను.
కొత్తదనానికి ఇరవై. కొలమానానికి ఇరవై. బడ్జెట్టుకు పదిహేను.
చాలా కాగితాలకు మనిషి వాసన ఉండదు.
ఎవరో కన్సల్టెంటు నునుపు చేసిన వాక్యాలు,
తడి సబ్బు మీద కాలు నిలవనట్టు కళ్లు జారిపోతాయి.

ఇరవై ఏడోది చేతిరాత.
ఆర్డిస్ ట్వేట్, డకోటా పడమటి అంచున,
నూట పది ఆవులు, ఒక గుడ్డి కుక్క.
అడిగింది ఎనిమిది వేల ఆరు వందల నలభై డాలర్లు:
కరెంటు కంచెకు తీగ, నీళ్ల గొట్టం,
రై, ముల్లంగి, క్లోవరు విత్తనాలు.
మందను రోజుకో మడిలో మేపి
మర్నాటికి ముందుకు తోలుకుపోతుందట,
మేసిన గడ్డికి మళ్లీ లేచే తీరిక ఇస్తుందట.

'ఫలితాన్ని ఎలా కొలుస్తారు?' అన్న గడిలో ఇలా రాసింది:
"మా ఆయన ఓర్విల్ కిందటి మార్చిలో పోయాడు.
ప్యాకెట్టు విప్పని నూలు బనియన్లు ఆరు మిగిలాయి.
మూడు దున్నిన చేలో పాతుతాను,
మూడు దున్నని బీడులో.
రెండు నెలలకు తవ్వి చూస్తాను.
నేలకు ప్రాణముంటే తినేస్తుంది.
లేకపోతే ఉతికి చర్చికి ఇచ్చేస్తాను."

నవ్వొచ్చింది. మారిట్ లేస్తుందేమోనని
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.
తర్వాత చాలాసేపు పెన్ను కదల్లేదు.
కొలమానం: ఇరవైకి ఎనిమిది.
ఆ అంకె నేను వేసిందే, ఇంకెవరిదీ కాదు.

ఫిబ్రవరిలో ఓ హోటల్లో ఏడుగురం కూర్చున్నాం, పల్చటి కాఫీతో.
ల్యాబు పరీక్షలేవి, కార్బన్ శాతమేది అన్నారొకాయన.
ఆయనన్నది తప్పు కాదు.
ఆర్డిస్ పన్నెండో పేరు.
'మీ ఆలోచన అభినందనీయమే, అయితే' అన్న ఉత్తరం కింద
నేనూ సంతకం పెట్టాను.

మే చివర్లో, విత్తు పనులయ్యాక,
ట్రాక్టరు సీటు కింద ఒక బనియను దాచుకుని
తూర్పు చేలోకి దొంగలా వెళ్లాను.
మా తాత గుర్రాలతో, మా నాన్న డీజిలుతో,
నేను జీపీఎస్‌తో
గీత తప్పకుండా దున్నిన చేను అది.
జానెడు లోతున పాతి
గుర్తుకు గట్టు మీద పాత రెంచి పెట్టాను.
ఎందుకని అడిగితే చెప్పలేను.

ఆగస్టులో కవరొచ్చింది.
ఉత్తరం కింద ఉన్న ఏడు పేర్లకూ ఒక్కొక్కటి పంపిందట.
లోపల మెడ చుట్టూ వేసే కుట్టుదారం, ఒక లేబులు.
బనియనులో అంతే మిగిలింది.
చీటీలో:
"డబ్బు రాలేదు కనుక తీగ కొనలేదు.
బనియన్లు ఎలాగూ ఉన్నాయి కదా, పాతాను.
ఇది బీడులోది. చేలోది పంపను,
ఎలా ఉందో మీకు తెలిసే ఉంటుంది."

ఆ సాయంత్రం రెంచి వెతుక్కుంటూ పోయి తవ్వాను.
పార దెబ్బకి మట్టి పిండిలా రాలింది.
ఒక్క వానపామైనా కదల్లేదు.
బనియను మడత కూడా చెదరలేదు.

మారిట్ దాన్ని ఉతికి ఆరేసింది.
"ఇంత కొత్తది ఎక్కడ పారేసుకున్నావ్?" అంది.
తెల్లగా, గాలి నింపుకుని,
ఎవరో తొడుక్కున్నట్టే ఊగింది పొద్దుగూకేదాకా.

ఆదివారం తొడుక్కున్నాను.
ఎక్కడా చిరుగు లేదు.